నోలీన్ చేసిన సంతకం

కాంట్రాక్టరు మనుషులిద్దరు టేపు పట్టుకుని ప్రభుత్వాస్పత్రి లాండ్రీలోకి వచ్చేసరికి మెర్ల్ ఇస్త్రీ చేసే ఆవిరి రోలర్‌లోకి దుప్పట్లు పెడుతోంది. ఇరవై ఆరేళ్లుగా ఆమె నిలబడే చోటు అది. వాళ్లు ఆమెను జరగమని కూడా అడగలేదు. ఆమె పొట్ట మీదుగా టేపు లాగి యంత్రం కొలిచారు.

"ఇది లారీలో పడుతుందంటావా?" అన్నాడొకడు.

"ముసల్దాన్ని పక్కకి తీసేస్తే పడుతుంది," అన్నాడు రెండోవాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

పక్కనే దుప్పట్లు మడతపెడుతున్న ఎఫీకి ఒళ్లు మండిపోయింది. గ్రీసు నుంచి పెళ్లికూతురిగా ఓడెక్కి వచ్చిన ఎఫీకి, బారాగిన్ ఊళ్లో ఆ లాండ్రీయే పుట్టిల్లు.

"ఏరా, మీ అమ్మనీ ఇలాగే కొలుస్తావా?"

"మా మీదెందుకమ్మా అరుస్తావు? ప్రభుత్వం అమ్ముతోంది, మా ఓనరు కొంటున్నాడు. బట్టలు ఇకనుంచి మా ఫ్యాక్టరీలోనే ఉతుకుతారు."

ఆ ఫ్యాక్టరీ మూడు వందల కిలోమీటర్ల అవతల ఉంది. ఇక్కడున్న అరవై నలుగురు ఆడవాళ్లూ ఇంటికి పోవాల్సిందే, ఆ ఊళ్లో వాళ్లకు ఇంకో పని లేదు. అయితే ఆ అమ్మకం బిల్లు అసెంబ్లీలో పాసవ్వడం ఇంకా మిగిలి ఉంది.

"ఏడవకండే," అంది ఎఫీ. "ప్రభుత్వం మన పార్టీదే. అసెంబ్లీలో మన నోలీన్ లేదూ?"

నోలీన్ టార్బెట్ రైలు పట్టాలు బాగుచేసే కూలీ కూతురు. గుడారంలో పుట్టింది, పదిహేనో ఏట లాండ్రీలో చేరింది. ఆమె, ఎఫీ పదకొండేళ్లు ఒకే దుప్పటికి చెరో అంచూ పట్టుకుని మడతపెట్టారు. ఆ దేశంలో నడివేసవి అయిన జనవరి ఎండలకు ముగ్గురు కళ్లు తిరిగి పడిపోతే, ఫ్యాన్లు బిగించేదాకా యంత్రాలు ఆపించింది నోలీనే. ఆ తెగువ చూసే మూడేళ్ల కిందట కార్మికుల పార్టీ ఆమెకు టికెట్ ఇచ్చింది.

టికెట్ ఇచ్చిన రోజు యూనియన్ హాల్లో ఆమె ఒక ప్రమాణపత్రం మీద సంతకం చేసింది. పార్టీ ఎమ్మెల్యేలంతా కూడి ఏది తేలిస్తే దానికే ఓటేస్తానని ఆ పత్రం. దాన్ని రాసింది ఒకప్పటి కార్మికులే. తాము గెలిపించినవాడు కుర్చీ ఎక్కాక డబ్బున్నవాళ్ల కొట్టంలోకి పోకుండా వేసిన పలుపు అది. అందుకే హాలు దద్దరిల్లిపోయేలా చప్పట్లు కొట్టారు. ఎఫీ అందరికన్నా గట్టిగా కొట్టింది. పోలింగ్ నాడు బడి గేటు దగ్గర కాళ్లు వాచేదాకా నిలబడి నోలీన్ పేరున్న కరపత్రాలు పంచింది.

బిల్లు సంగతి తెలిసి నోలీన్ టీ వేళకు లాండ్రీకి వచ్చింది. బెంచీ ఎక్కి, "నా కంఠంలో ప్రాణముండగా ఇక్కడి యంత్రం ఒక్కటీ కదలదు!" అంది.

"నోటితో కాదే, ఓటుతో చెప్పు," అంది మెర్ల్.

"ఓటుతోనే చెప్తాను."

ఓటింగ్ నాడు ఆడవాళ్లంతా బస్సు మాట్లాడుకుని రాజధానికి వెళ్లారు. అసెంబ్లీలో పైన, చూడవచ్చిన జనం కూర్చునే బాల్కనీ ఎక్కారు. నోరు మెదిపితే గెంటేస్తానని కాపలావాడు ముందే చెప్పాడు. గంట మోగింది, తలుపులకు తాళాలు పడ్డాయి. బిల్లుకు అవునన్నవాళ్లు స్పీకర్‌కు కుడివైపు, కాదన్నవాళ్లు ఎడమవైపు కూర్చోవాలి. ఎదుటి పార్టీ, ఆడవాళ్ల మీద ప్రేమతో కాదులెండి, ప్రభుత్వం మీద ఒట్టి కడుపుమంటతో ఎడమవైపు చేరింది. నోలీన్ పదడుగులు వేసి అటు కూర్చుంటే బిల్లు చచ్చినట్టే.

నోలీన్ లేచింది. నోలీన్ కోటు సర్దుకుని, తల పైకెత్తకుండా, మళ్లీ కుడివైపే కూర్చుంది. బిల్లు ఒక్క ఓటుతో నెగ్గింది.

వరండాలో ఎఫీ ఆమె దారికి అడ్డం నిలబడింది.

"సంతకం చేశానే ఎఫీ," అంది నోలీన్. "పార్టీ మీటింగులో కొట్లాడాను, ఓడిపోయాను. మాట తప్పితే పార్టీలోంచి గెంటేస్తారు. ఆ రోజు చప్పట్లు కొట్టింది మీరే కదా?"

"కొట్టాం. నిన్ను పార్టీకి కట్టేశాం. మరి పార్టీని మాకెవరు కట్టేశారు?"

నోలీన్ పక్కనుంచి తప్పుకుని వెళ్లిపోయింది. అందరూ తిరుగు బస్సెక్కారు. పరాయివాడు కొడితే తిరగబడొచ్చు, పదకొండేళ్లు ఎదురుగా నిలబడ్డ మనిషి కొడితే ఏం చేయాలో ఎఫీకి తోచలేదు. కానీ ఊరు వస్తుండగా మెర్ల్ లేచి సీటు పట్టుకుని నిలబడింది.

"ఇక మన తరఫున ఎవర్నీ పంపేది లేదు. యంత్రాలు బయటికి పోవాలంటే గేటు దాటాలి. గేటు దగ్గర మనమే కూర్చుందాం."

కాదన్నవాళ్లు లేరు.

లారీలు వచ్చిన ఉదయం అరవై నలుగురూ చేతులు పెనవేసుకుని గేటుకు అడ్డంగా కూర్చున్నారు. ఆస్పత్రి వంటింటి ఆడవాళ్లు కిటికీల్లోంచి చూస్తున్నారు. అప్పుడొచ్చింది నోలీన్, కారు లేకుండా, నడిచి.

"వచ్చే ఎన్నికలకి నా సీటు మంత్రిగారి సెక్రటరీకి ఇచ్చేశారే," అంది. "వాళ్ల మాట విన్నాక కూడా! ఒక్క నిమిషం మాట్లాడనివ్వండి."

"ఉపన్యాసాలు చాలు," అంది మెర్ల్. "కూర్చుంటానంటే ఆ చివర కూర్చో."

నోలీన్ చివర కూర్చుంది. పక్కనున్న ఎఫీ ఒక్క క్షణం ఆలోచించి, చెయ్యి ఇచ్చింది. ఎంతైనా పదకొండేళ్లు.

పోలీసులు వచ్చారు. ఇన్‌స్పెక్టర్ ముందు చివరి మనిషినే చూశాడు.

"మిసెస్ టార్బెట్! మీరు ఎమ్మెల్యే, ఇక్కడేమిటండీ? ఇలా రండి, కూర్చుని మాట్లాడుకుందాం."

"ఉండవే, నేను మాట్లాడి వస్తాను," అంటూ నోలీన్ చెయ్యి విడిపించుకుంది.

"వద్దు. లేవకు," అంది ఎఫీ.

"మీకోసమేనే."

లేచి, స్కర్టు దులుపుకుని, ఇన్‌స్పెక్టర్ వెనకాల వెళ్లింది. ఆయన ఆమెను జీపులో కూర్చోబెట్టి తలుపు వేసి, వెనక్కి వచ్చి, "ఎత్తండి," అన్నాడు.

నలుగురు పోలీసులు ఎఫీ కాళ్లూ చేతులూ పట్టుకుని లేపారు. పోలీసు వ్యాను దగ్గర ఎఫీ తల తిప్పి చూసింది. వంటింటి ఆడవాళ్లు ఏప్రన్లతోనే మెట్లు దిగి పరుగెత్తుకొస్తున్నారు. వాళ్ల వెనక స్ట్రెచర్లు తోసేవాళ్లు, గదులు తుడిచేవాళ్లు.

"జరగవే మెర్ల్, చోటివ్వు," అంటూ వంటావిడ ఒకతె ఎఫీని లేపిన చోట చతికిలబడింది.

"నీ లాండ్రీ కాదుగా ఇది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రేపు నా వంటిల్లు కొలవడానికి వస్తారుగా," అంది ఆమె. "ఎత్తు, చూద్దాం."