విశ్రాంతి రోజులు

"ఇంట్లో నువ్వు చేసే పనికంటే పెద్ద ఎక్సర్‌సైజు ఇంకేముందోయ్!" అని మా ఆయన అంటున్నప్పుడు నేను తడి దుప్పట్ల బకెట్టు పట్టుకుని డాబా మెట్ల మధ్యలో ఆగిపోయి ఉన్నాను. కుడిచేతి పట్టు సడలిపోతోందని తెలుస్తూనే ఉంది. రెండో చెయ్యి వేసేలోపు బకెట్టు జారింది. ఒక్కో మెట్టూ దిగుతూ, దుప్పట్లన్నీ పరిచేసి, కింద గేటు దగ్గర ఆగింది. ఆయన పై మెట్టు మీదనుంచి చూసి, "జాగ్రత్తగా పట్టుకోవద్దూ, మళ్ళీ ఉతుక్కోవాలి చూడు" అన్నాడు. ఉతుక్కోవాల్సింది ఎవరో ఆయన చెప్పలేదు, నేను అడగనూ లేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో అలాంటి వాక్యాలకు కర్త ఎవరో చెప్పకుండానే తెలిసిపోతుంది.

నేను పనిచేసేది పరీక్షల విభాగంలో. అక్కడా జవాబు పత్రాల కట్టలు దించడం, పేర్చడం, మళ్ళీ దించడం. నెల తిరక్కుండా అక్కడా ఓ కట్ట జారింది. మా సూపరింటెండెంటు కళ్ళజోడు పైకి నెట్టి, "ఏంటి మేడం, ఇంట్లో సరిగ్గా తినట్లేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే "సీరియస్ అయిపోయింది" అంటారు, దానికి మళ్ళీ నేనే సర్దిచెప్పుకోవాలి. ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి ఫిజియోథెరపీ క్లినిక్కుకి వెళ్ళాను.

అక్కడున్న ఫిజియో మా అమ్మాయికంటే నాలుగేళ్ళు పెద్దదేమో, అంతే. కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోమంది. ఆరోసారికి నా చెయ్యి తొడమీదికి తనంతట తనే వచ్చేసింది. చేతి పట్టు కొలిచే పిడి ఒకటి ఇచ్చి గట్టిగా పిసకమంది. పిసికాను. దానిమీదున్న ముల్లు సగం దాకా కూడా రాలేదు.

"రోజంతా పనే కదండీ చేస్తాను" అన్నాను, ఎందుకో తప్పు చేసినదానిలా.

"మీకు పని చేసే అలవాటుంది. బలం లేదు. రెండూ ఒకటి కాదండీ" అంది.

నలభై ఐదేళ్ళకి నా గురించి నాకు ఎవరైనా సూటిగా చెప్పిన మొదటి మాట అది. ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుని, ఏం చెయ్యాలో చెప్పమన్నాను. పది రోజుల తర్వాత రమ్మని, ఈలోగా తొందరపడి ఏదీ మొదలుపెట్టొద్దని చెప్పింది.

ఇంట్లో ఆ మాట చెప్పడమే ఆలస్యం, అందరూ గురువులైపోయారు. మా ఆయన ఆరేళ్ళుగా జిమ్ముకి వెళ్తాడు. తన కాగితమే నాకూ ఒకటి రాసిచ్చాడు: సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, బుధవారం భుజాలు, అలా శనివారం దాకా. చదువుతుంటే మాంసం కొట్టు ముందు బోర్డు చదివినట్టే ఉంది. ఆరు రోజులూ గంటన్నర. ఆ గంటన్నర ఎక్కడినుంచి వస్తుందని అడిగితే, "టైం మనమే చేసుకోవాలోయ్" అన్నాడు. ఆయన టైం నేను చేసిపెడుతున్నానని ఆయనకు ఎలా చెప్పను? మా అమ్మాయి ఫోన్లో ఒక వీడియో పెట్టింది. అందులో పిల్ల చెమట చుక్క లేకుండా నవ్వుతూ ఎగురుతూ, ఇరవై రోజుల్లో పొట్ట కరిగిపోతుందంటోంది. నాకు పొట్ట కరగడం కాదే, బకెట్టు జారకూడదు అంటే, "అదీ ఇదీ ఒకటే కదమ్మా" అంది. ఆఫీసులో పక్క సీటావిడ నడిస్తే చాలంది. అత్తయ్య మంచం మీదనుంచే, "ఆడదానికి కండలెందుకే, నలుగురూ నవ్వడానికా?" అన్నారు.

అత్తయ్యకు తుంటి విరిగి రెండేళ్ళయింది. మంచం మీదనుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఇద్దరం కలిసి మారుస్తాం. ఆవిణ్ణి చూసుకోవడానికి జీతానికి పెట్టుకున్న ఆయమ్మ భుజాలవైపు, నేను కాళ్ళవైపు. పూటకొకసారి వచ్చి వెళ్తుంది ఆయమ్మ. మా ఆయన ఎప్పుడూ పట్టుకోలేదు. నడుము పట్టేస్తుందట, మళ్ళీ జిమ్ము నాగా అవుతుందట.

పదకొండో రోజున ఆయన కాగితం, అమ్మాయి వీడియో అన్నీ ఫిజియో ముందు పెట్టాను. పరీక్షకు ఏ పుస్తకం చదవాలో తెలియని పిల్లలా ఉన్నాను. ఆమె అన్నీ ఒక పక్కకు జరిపి, తెల్లకాగితం తీసి, రోజుకొకటిగా ఏడు గడులు గీసింది. "కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఇంత హంగామా అక్కర్లేదండీ. వారానికి మూడు రోజులు. ఒంటికంతటికీ ఐదే కదలికలు." కుర్చీలోంచి లేవడం, గోడను నెట్టడం, రబ్బరు పట్టీ లాగడం, నేలమీదనుంచి బరువు ఎత్తడం, దాన్ని పట్టుకుని గదిలో నడవడం. ఒక్కొక్కటీ ఎనిమిది నుంచి పన్నెండుసార్లు. చివరి రెండుసార్లూ కష్టంగా ఉండాలి. పన్నెండు తేలికైతే బరువు కొంచెం పెంచాలి. అంతే. మధ్య రోజుల గడుల్లో 'విశ్రాంతి' అని రాసి, కింద రెండు గీతలు గీసింది. "కండ పెరిగేది ఈ రోజుల్లోనే. ఇది మానేస్తే అదంతా దండగ."

నాకు ఆ కాగితం చాలా నచ్చింది. ఏడు గడుల్లో నాలుగుసార్లు ఆ మాట ఉంది. నా జీవితంలో ఇంకే కాగితం మీదా నా పేరు పక్కన ఆ మాట చూడలేదు.

ఆఫీసునుంచి రాగానే, ఇస్త్రీ బట్టల గుట్టను మంచం చివరికి నెట్టి మొదలుపెట్టేదాన్ని. ఐదు లీటర్ల నీళ్ళ డబ్బాలు రెండు నా బరువులు. మొదటి వారం మెట్లు దిగుతుంటే తొడలు వణికాయి. మూడో వారానికి ఊరగాయ జాడీ మూత ఎవర్నీ పిలవకుండా తీశాను. తీసి, మళ్ళీ బిగించి, మళ్ళీ తీశాను. ఇంట్లో నవ్వారు, "పహిల్వాన్" అని పేరు పెట్టారు, కానీ ఎవరూ అడ్డు చెప్పలేదు. అడ్డంతా విశ్రాంతి రోజుల దగ్గరే వచ్చింది. మంగళవారం సాయంత్రం పది నిమిషాలు కూర్చుంటే, "ఒంట్లో బాలేదా?" అన్నాడు ఆయన. బాగానే ఉందన్నాను. "అయితే ఆ బట్టలేవో చూడకూడదూ" అన్నాడు. చూశాను. చూడటం మొదలుపెడితే ఒక్క బట్టలతో ఆగదు కదా.

ఐదో వారం దాటినా నేనెత్తే బరువు పెరగలేదు. అదే పదిసార్లు, అదే వణుకు. క్లినిక్కుకి వెళ్తే, ఫిజియో కలం పట్టుకుని నిన్నటి విశ్రాంతి రోజు ఏం చేశానో చెప్పమంది. ఐదింటికి లేవడం దగ్గర మొదలుపెట్టాను. దుప్పట్లు, నీళ్ళు, వంట, అత్తయ్య స్నానం, డబ్బాలు, బస్సు, కట్టలు. సూపరింటెండెంటు ఈమధ్య "మీరిప్పుడు గట్టిపడ్డారుగా" అని రెండేసి కట్టలు దింపిస్తున్నాడు. మళ్ళీ బస్సు, కూరగాయల సంచులు, వంట, అత్తయ్య, గిన్నెలు. రాస్తూ రాస్తూ ఆమె కలం ఆపేసింది.

"ఇందులో విశ్రాంతి ఎక్కడుందండీ?"

"బస్సులో. సీటు దొరికిన రోజు" అన్నాను. ఆమె నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. అలసట అంటే ఏమిటో నాకు ఆ కుర్చీలో తెలిసింది. ఆ రోజు అలసట కాదు అది, ఎన్నేళ్ళదో. ఒక్కసారి కూర్చుంటే మళ్ళీ లేవనేమోనని భయపడి ఇన్నాళ్ళూ కూర్చోలేదని కూడా తెలిసింది.

తర్వాతి శుక్రవారం ఆయమ్మ బస్సు ఆలస్యమైంది. అత్తయ్య ఆగలేనన్నారు. ఒక్కదాన్నే ఆవిడ చంకల కింద చేతులు వేసి లేపి, తిప్పి, కుర్చీలో కూర్చోబెట్టాను. ఆవిడ నా భుజం వదలకుండా, "నొప్పి పుట్టలేదే" అన్నారు చిన్నగా. గుమ్మంలో నిలబడి చూసిన మా ఆయన చప్పట్లు కొట్టాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ క్షణం నా ఛాతీ పొంగింది. ఆయన చప్పట్లకోసం నేనింత ఆకలిగా ఉన్నానా అని తర్వాత నామీద నాకే కోపం వచ్చింది. సాయంత్రం దాకా ఫోన్లో చుట్టాలందరికీ అదే చెప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున నేను పేపరు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. కాగితం మీద ఆ గడిలో ఉన్నది ఆ మాటే కాబట్టి కూర్చున్నాను. ఆయమ్మ వచ్చి చెప్పులు విప్పుతోంది. సోఫాలో ఫోను చూసుకుంటున్న మా ఆయన తల ఎత్తి, చాలా మంచిగా, నవ్వుతూ, "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు ఆయమ్మా. మా ఇంట్లోనే పహిల్వాన్ తయారైందిగా" అన్నాడు.

ఆయమ్మ ఒక చెప్పు కాలికి ఉంచుకునే నావైపు చూసింది. రెండేళ్ళుగా ఆ మంచానికి రెండు వైపులా నిలబడ్డ వాళ్ళం. నేను నీళ్ళ డబ్బాలు ఎత్తింది, వణికింది, మళ్ళీ ఎత్తింది, ఈమె సగం కూడా నా మీదికి తెచ్చుకోవడానికా? ఒళ్ళు మండింది. చాలా కాలం తర్వాత, ఓపిక లేక కాకుండా, ఓపిక ఉండి వచ్చిన కోపం అది.

"రేపు ఎప్పటిలానే రా ఆయమ్మా" అన్నాను. "ఇప్పుడు లోపలికి పద. కాళ్ళవైపు ఎలా పట్టుకోవాలో ఈయనకు చూపించు. వారానికి నాలుగు రోజులు ఈయన పట్టుకుంటారు."

"ఏంటిది, కొత్తగా?" ఆయన ఫోను పక్కన పెట్టాడు. "నాకు నడుము పట్టేస్తుందని తెలుసుగా. నువ్వు ఎత్తగలవు కదా!"

లోపలినుంచి అత్తయ్య పిలిచారు. అలవాటుకొద్దీ నా మడమలు నేలను నొక్కాయి. నేను లేవలేదు.

"ఎత్తగలను" అన్నాను. "ఇన్నాళ్ళూ నేను కూర్చుంటే ఒంట్లో బాలేదా అనేవారు కదా, ఇవాళ అన్నీ చేతనయ్యే కూర్చున్నాను. లేవండి, మీ అమ్మ పిలుస్తున్నారు."