మేకపెంట కప్పిన ఐరిస్

ఒమన్ అంటే ఎండలే అనుకుని పెంచలమ్మ నూలు చీరలు తప్ప ఏమీ తెచ్చుకోలేదు. తీరా పని కుదిరింది జబల్ అఖ్దర్ కొండ మీద, సైక్ ఊళ్లో. అక్కడ చలికాలం తొట్టెలో నీళ్లు తెల్లారేసరికి గాజుపలకలా గడ్డకడతాయి. 2008లో ఆ చలిలో ఆమెకు ఒప్పజెప్పిన పసిబిడ్డలు సఫూరా మేడమ్‌గారి ఐరిస్ పూలకుండీలు.

ఐరిస్‌లలో మంచుకు జడవని మొండి రకాలున్నాయి. ఇవి అవి కావు. వెచ్చటి దేశం నుంచి వచ్చిన సుకుమారాలు. మంచు తగిలితే ప్రాణం మీదికే. అందుకని మేడమ్ వాటిని వంటింటి వేడి తగిలే పెంచలమ్మ గదిలో పెట్టించింది. బతికితే సరేసరి. చస్తే పెంచలమ్మ సముద్రపు ఒడ్డున ఖబూరాలో ఉన్న మేడమ్ అక్కగారింటికి పనికి పోవాలి. ఆ ఇంటి పెరడంతా ఎండుచేపలు. చేప వాసన పక్కవీధిలో వచ్చినా పెంచలమ్మకు కడుపులో దేవుతుంది.

ఐరిస్ దుంప చూస్తే అచ్చం పసుపు కొమ్ము. కడప వైపు పసుపు విత్తనాన్ని కుప్పపోసి, ఆకు కప్పి, పైన పేడా మట్టీ మెత్తి దాస్తారు. ఆవుపేడ దొరక్క పెంచలమ్మ మేకపెంటనే తడిపి కుండీల్లో దుంపల మీద దిట్టంగా మెత్తింది.

"తడి తగలనీయొద్దన్నారు గదక్కా," అంది తోటి పనిమనిషి మహబూబీ. ఆమెదీ కడపే. "చలికి పొడిగా ఉంటేనే బతుకుతాయంట."

"మీ నాయన గాజులమ్మె, మా నాయన పసుపు పండించె. ఎవురికి తెలుస్తాదే?"

కొన్నాళ్లకు గది కంపెత్తింది. పెంచలమ్మ ముందు ఎలకను అనుమానించింది, తర్వాత మహబూబీ మేజోళ్లను. చివరికి ఒక ఆకు పట్టుకుని కదిపితే అది జారి చేతిలోకొచ్చింది. కింద దుంప లేదు, చీములాంటి గుజ్జు. కుళ్లిన ఉల్లిగడ్డల బస్తాలో పిల్లి చచ్చినట్టుంది వాసన.

ఆ రోజే ఖబూరా అక్కగారు చుట్టపుచూపుగా దిగింది. అక్కచెల్లెళ్లిద్దరూ ముక్కులకు ముసుగులు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

పెంచలమ్మ ముక్కు మూసుకోలేదు. మూసుకుంటే చేసిన తప్పు ఒప్పుకున్నట్టే. స్పూను పట్టుకుని, గట్టి తెల్లటి కండ తగిలేదాకా కుళ్లు గీకింది. గుజ్జు గోళ్లలోకి ఎక్కింది, మోచేతి దాకా కారింది. గొంతులోకొచ్చిన వాంతిని గుటకేసి మింగి, నవ్వింది కూడా. గీకిన ముక్కలకు పొయ్యి బూడిద అద్ది పొడి ఇసుకలో పెట్టింది. సగం దుంపలు దక్కాయి.

మేడమ్ ముఖం విప్పారింది. అక్కగారు ఆమెతో అరబ్బీలో ఏదో చెప్పింది.

"ఏమంటాందే?" పెంచలమ్మ పక్కనున్న మహబూబీని అడిగింది.

మహబూబీ నసిగింది. "మేడమ్‌కు కోపం పోయిందక్కా. కానీ ఆ పెద్దమ్మకు నువ్వు శానా నచ్చినావు. ఇంత కంపులో నవ్వుకుంటా కూర్చునే మనిషి ఎండుచేపల పనికి యాడా దొరకదంట. పంపిస్తానంటాంది మేడమ్."

పెంచలమ్మ అంతసేపూ ఆపుకున్నదాన్ని ఇక ఆపుకోలేదు. పొద్దున తిన్న రొట్టె, ఖర్జూరం, టీ సమస్తం వెళ్లి అక్కగారి జరీ చెప్పుల మీద పడ్డాయి. ఆవిడ కేకలేస్తూ కారెక్కి, ఒట్టికాళ్లతోనే కొండ దిగిపోయింది. పనిమనిషి ఊసెత్తలేదు.

చేతుల మీద నీళ్లు పోస్తూ మహబూబీ గుసగుసగా అడిగింది: "నిజం చెప్పక్కా, ఆ వాంతి దానికదే వచ్చిందా, తెచ్చుకున్నావా?"

"ముందు నీళ్లు పొయ్యవే. ఇంకా కంపు కొడతాంది."