నాన్న కొత్త విల్లు

విళ్లూ బాణాలూ అమ్మే లవాన్ కొట్టులో వెనక గోడ మీద ఒక బోర్డుంది. మా ఊళ్లో విల్లుతో ఎల్క్ దుప్పుల వేటకి వెళ్లే వాళ్లందరి పేర్లూ, పక్కన వాళ్ల విల్లు లాగడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో రాసిన చీటీలూ దాని మీద ఉంటాయి. అన్నిటికంటే పైన మా నాన్న పేరు. ఓరిన్, డెబ్బై రెండు. పంతొమ్మిదేళ్లుగా ఆ చీటీ అక్కణ్ణించి కదల్లేదు.

ఫిబ్రవరిలో ఆయన కుడి భుజానికి ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఆగస్టు, విల్లు వేట మొదలవడానికి ఇంకా మూడు వారాలుంది. పాత విల్లు ఇక లాగలేనని ఆయనే ఒప్పుకుని కొత్తది కొనడానికి బయల్దేరాడు. ఈసారి లాగలేకపోతే తుపాకుల సీజన్ దాకా ఆగాలి. అదంటే ఆయనకి పరమ అసహ్యం. "తుపాకులోళ్లు నారింజ చొక్కాలేసుకుని సంతకొచ్చినట్టు వస్తారు, దుప్పి ఊపిరి వినపడేంత దగ్గరికి ఒక్కడూ వెళ్లడు" అంటాడు.

నేను కారులో లాప్‌టాప్ తెరిచి నా ఎక్సెల్ షీటు చూపించాను. విల్లు బలం, బాణం బరువు, దెబ్బలో ఎంత శక్తి, అన్నీ లెక్కలు.

"దీన్ని దుప్పికి చూపిస్తావా బ్రిట్? నవ్వి చచ్చిపోద్ది. బాణం ఖర్చు మిగుల్తుంది," అన్నాడు నాన్న.

కొట్టులో కౌంటర్ పక్కన వెండెల్ కాఫీ తాగుతున్నాడు. నాన్నకి చిన్నప్పట్నించీ స్నేహితుడు, అంతకాలం నుంచీ వెక్కిరించేవాడు కూడా. నాన్న నేరుగా డెబ్బై పౌండ్ల విళ్ల దగ్గరికి వెళ్లి ఒకటి తీశాడు.

లవాన్ ఒక బకెట్ బోర్లించింది. "కూర్చో. కాళ్లు నేలకి ఆనించకు. విల్లు పైకెత్తకుండా తిన్నగా లాగు." కొనే ప్రతివాళ్లకీ ఆవిడ పెట్టే పరీక్ష అది. పొదలో గొంతుక్కూర్చున్నప్పుడు విల్లు ఆకాశానికెత్తి లాగితే దుప్పి చూసి పారిపోతుంది.

నాన్న లాగాడు. విల్లు నెమ్మదిగా ట్యూబ్‌లైట్ల వైపు లేచింది.

"ఏంటి ఓరిన్, ఈ ఏడు దుప్పులు పైనుంచి దిగుతున్నాయా?" అన్నాడు వెండెల్.

రెండోసారి నారి సగం దాకా వచ్చి ఆగిపోయింది. నాన్న మెడ నరాలు పొంగాయి. మెల్లగా వదిలేసి, విల్లు కౌంటర్ మీద పెట్టేశాడు.

"ఈ ఏడాదికి వద్దులే. పదమ్మా."

వెండెల్ కూడా నవ్వడం మానేశాడు.

"నాన్నా, విల్లు బలం యాభై నాలుగుకి తగ్గించి పెట్టించుకో. బరువైన బాణం, రెండంచుల ములుకు వేస్తే డొక్కలో ఇట్నించి అటు పోతుంది. లెక్క చూడు."

"నీ లెక్క తప్పని ఎవరన్నారు? నా పేరు పక్కన యాభై నాలుగా? వెండెల్ డెబ్బై లాగుతుంటే?"

లవాన్ కళ్లజోడు సర్దుకుంది. కొత్త నారి కోసం వెండెల్ ఇచ్చిన విల్లు, ఆ పొద్దున్నే పని పూర్తయి, వెనక కొక్కేనికి వేలాడుతోంది.

"లవాన్, వద్దు," అన్నాడు వెండెల్ లేచి.

ఆవిడ దాన్ని కాటాకి తగిలించి కిందకి లాగింది. ముల్లు యాభై ఏడు దాకా వెళ్లి, ఇక నావల్ల కాదన్నట్టు వెనక్కి జారింది.

"కొత్త నారి కదా, ఇంకా సాగుతుంది," అన్నాడు వెండెల్.

"నారి కాదు. ఆరేళ్ల కిందట నువ్వే బలం తగ్గించమని అలెన్ కీతో బోల్టులు వదులు చేయించుకున్నావు. ఎవరికీ చెప్పొద్దని ఒక తియ్యటి 'పై' కూడా తెచ్చిచ్చావు. హకల్‌బెర్రీ పళ్లది."

"నోరు మాత్రం డెబ్బై!" అన్నాడు నాన్న.

"ఒక్కడేనా? ఆ బోర్డు మీద ఉన్న సగం మంది ఇంతే. నిజం చీటీలు అంటిస్తే చూసినవాళ్లు పిల్లల బడి అనుకుంటారు," అంది లవాన్.

నాన్న బకెట్ మీద కూలబడి నవ్వాడు. భుజం పట్టుకుని మరీ నవ్వాడు. ఫిబ్రవరి తర్వాత ఆయన నవ్వు వినడం అదే మొదటిసారి.

లవాన్ తేలికపాటిది ఇంకొకటి దించి, బోల్టులు పైనా కిందా సమానంగా తిప్పి యాభై నాలుగుకి తెచ్చింది. పాత బాణాలు ఈ విల్లుకి మరీ గట్టివని, కొత్తవి బరువైనవి తీసింది. నాన్న కూర్చున్నచోటే, కాళ్లు గాల్లో పెట్టుకుని లాగాడు. విల్లు అంగుళం కూడా లేవలేదు. విల్లు చివర్ల కప్పీలు తిరిగిన చప్పుడే లేదు.

"అలాగే ఉండు. దుప్పి నిన్నే చూస్తోంది," అంది లవాన్.

వెండెల్ చేతులు తలపైన కొమ్ముల్లా పెట్టుకుని కౌంటర్ పక్కనే నిలబడి గుడ్లప్పగించి చూశాడు. నాన్న నవ్వాపుకున్నాడు గానీ విల్లు కదలనివ్వలేదు. ముప్ఫై లెక్కపెట్టి వదిలాడు. బాణం గోడ దగ్గర గురి దిమ్మలో ఈకల దాకా దిగింది.

"ఇంకోటి," అన్నాడు.

మరో ఆరు వేశాక ఫోన్ తీసి అమ్మకి చేశాడు.

"ఫ్రీజర్ ఖాళీ చెయ్యి."

"దుప్పి ఒప్పుకుందా?" అంది అమ్మ.

"మూడు వారాల్లో వెళ్లి అడుగుతా," అని ఇంకో బాణం కోసం నా వైపు చెయ్యి చాచాడు.