లిఫ్టులో వేలాడిన మాస్టారు

అతని ఉద్యోగం మనుషుల్ని పైకి పంపించడం. మళ్ళీ క్షేమంగా కిందికి కూడా తెస్తాడు కాబట్టి ఇంతవరకూ పోలీసులు పట్టుకోలేదు. ఈ జోకు అతను సొంతంగా కనిపెట్టినదే. పద్దెనిమిదేళ్ళుగా పరిచయమైన ప్రతివాళ్ళకీ చెబుతున్నాడు. ఒకే మనిషికి రెండోసారి చెప్పకూడదన్న సంగతి మాత్రం నలభై దాటాక గాని తెలియలేదు.

వృత్తి లిఫ్టు మెకానిక్. వయసు నలభై ఆరు. పెళ్ళి కాలేదు. అక్కా బావల ఇంట్లో మేడమీది గదిలో ఉంటాడు. రెండేళ్ళ కిందట అక్క పోరు పడలేక ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళితే, ఆవిడ మూడు గంటలు ప్రశ్నలడిగి, ఆటిజం అని తేల్చి చెప్పింది.

"చిన్నప్పుడు ఒక్క ఆటా రానివాడికి పెద్దయ్యాక ఆటిజం రావడమేమిటండీ?" అన్నాడు.

ఇప్పుడు రాలేదనీ, పుట్టినప్పటినుంచీ ఉన్నదేననీ ఆవిడ ఎంతో ఓపిగ్గా వివరించింది. అతనన్నది జోకని ఆవిడకి తట్టలేదు. జోకు అర్థం కాకపోవడం తనొక్కడి సొత్తు కాదని అతనికి ఆ రోజు కాస్త ఊరట కలిగింది.

ఇంటికొచ్చి చెబితే అక్క కళ్ళు తుడుచుకుంది. బావ మాత్రం కుర్చీలోంచి సగం లేచాడు.

"అంటే, ఇరవయ్యేళ్ళుగా నీకు నామీద కోపం లేదా?"

"లేదు బావా."

"మరి నేను మాట్లాడుతుంటే గోడకేసి చూస్తావేంరా?"

"ముఖం చూస్తే మాట వినపడదు బావా. గోడని చూస్తే బాగా వినపడుతుంది."

"ఓరి నీ! నేనేం తప్పు చేశానా అని ఇరవయ్యేళ్ళు ఆలోచించి చచ్చాను కదరా!"

లిఫ్టులతో అతనికి ఈ బాధ లేదు. లిఫ్టుకి ఒళ్ళు బాగాలేకపోతే చప్పుడు చేస్తుంది. బాగుంటే చెయ్యదు. "నాకేం, బాగానే ఉన్నాను" అంటూ మూడో అంతస్తులో ఆగిపోయే లిఫ్టుని అతను ఇంతవరకూ చూడలేదు. మనుషుల్లో మాత్రం అలాంటివాళ్ళే ఎక్కువ. పైగా ఎవరికి ఏం ఇష్టమో, ఎవరి దగ్గర ఏం ఎత్తకూడదో అతనికి గుర్తుండదు. అందుకని తనకి తెలిసిన పద్ధతే మనుషులకీ పెట్టాడు.

ప్రతి లిఫ్టు గోడకీ ఒక ప్లాస్టిక్ సంచీ, అందులో ఒక పసుపు కార్డు ఉంటాయి. సర్వీసు చేసినప్పుడల్లా ఆ కార్డు మీద రాయాలి. యంత్రం, శబ్దం, లోపం, చేసిన పని, తరువాతి సర్వీసు అని గడులు అచ్చువేసి ఉంటాయి. ఆ కార్డుల కట్టలోంచే నాలుగు తీసి మనుషులకి కేటాయించాడు. అక్కకొకటి, బావకొకటి, ఆఫీసులో పైఅధికారికొకటి. నాలుగోది టైలర్ మాస్టారిది. మొదటి మూడూ చుట్టరికం కింద, జీతం కింద వచ్చినవి. నాలుగోది అతని స్వార్జితం.

ఆ స్వార్జితం ఇలా వచ్చింది. ఒక ఆరంతస్తుల భవనంలో, లిఫ్టు తలుపుని ఆనుకునే మాస్టారి కుట్టుషాపు. అరవై దాటిన మనిషి, దర్జాకి దర్జా, దర్జీకి దర్జీ. చెయ్యి బట్టని కుడితే నోరు మనుషుల్ని కుడుతుంది. ఏడాది కిందట మెకానిక్ లిఫ్టు బాగుచేస్తూ, షాపులోకి తల పెట్టి, ముందూ వెనకా లేకుండా అన్నాడు:

"మీ బెల్టు ఏడుస్తోందండీ."

మాస్టారు నడుము తడుముకున్నాడు. "నేను బెల్టే పెట్టుకోలేదయ్యా!"

"మీది కాదు, మిషన్‌ది. వదులైంది."

అడగకుండానే లోపలికొచ్చి బిగించాడు. మాస్టారు కుట్టి చూస్తే మిషన్ వెన్నలా నడిచింది. "ఎవరివయ్యా నువ్వు, చెవులా అవి?" అంటూ స్టూలు జరిపాడు. ఆ రోజునుంచి ఆ స్టూలు మెకానిక్‌ది. లిఫ్టుకి సర్వీసు నెలకొకసారే అయినా మాస్టారికి వారానికొకసారి, ప్రతి గురువారం. లిఫ్టు వెనక బరువు దిమ్మ ఎందుకుంటుందో అతను ఇరవై రెండు నిమిషాలు చెబితే, మాస్టారు కాజాలు కుడుతూ మొత్తం విన్నాడు. "నాకొక్క ముక్క అర్థం కాలేదు గాని, చెప్పేటప్పుడు నీ ముఖం బాగుందయ్యా" అన్నాడు. మెకానిక్ ఇంటికెళ్ళి అద్దంలో చూసుకున్నాడు. ఎప్పటి ముఖమే. అంత బాగా ఏమీ లేదు.

ఆ మధ్య ఒక గురువారం మాస్టారు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"నీకొకటి చెబుతాను లిఫ్టూ. కుడికన్ను మబ్బుగా ఉంటోంది. సూదిలో దారం ఎక్కడం లేదు. చేతి గుర్తుతో నెట్టుకొస్తున్నాను. బయటికి తెలిస్తే ఎవరిస్తారు బట్టలు? మా ఆవిడకి తెలిస్తే షాపు మూయించేస్తుంది. నీకు చెబితే గోడకి చెప్పినట్టే కదాని చెబుతున్నా."

గోడకి చెప్పినట్టే. ఆ మాట ఇంత అక్షరాలా నిజమవుతుందని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

మంగళవారం లిఫ్టు సర్వీసు చేసి, కార్డు సంచీలో పెట్టి వెళ్ళాడు. గురువారం షాపు మెట్టెక్కబోతూ, ఎప్పటిలాగే జేబులోంచి మాస్టారి కార్డు తీసి ఒకసారి చూసుకున్నాడు. 'శబ్దం: తలుపు మూసుకునేటప్పుడు మూలుగు. చేసిన పని: కింది పట్టాలకి నూనె రాశాను.'

మాస్టారికి నూనె ఎప్పుడు రాశానబ్బా అని మెట్టుమీదే నిలబడి ఆలోచించాడు. కింది పట్టాలంటే మోకాళ్ళా? అప్పుడు వెలిగింది. చేతిలో ఉన్నది లిఫ్టు కార్డు. తల ఎత్తితే, మాస్టారి చేతిలో రెండో పసుపు కార్డు ఉంది.

"రావయ్యా, రా. కన్ను మబ్బుకదా, నేను చదవలేకపోయాను. మూడో అంతస్తు లాయరుగారు చదివి వినిపించారు. నువ్వు కూడా విను." మాస్టారు కార్డుని ముక్కుకి ఆనించుకున్నాడు. "యంత్రం: టైలర్ మాస్టారు. శబ్దం: గొంతు పెద్దది, నవ్వితే మరీ పెద్దది, ప్రమాదం లేదు. లోపం: అల్లుడి సంగతి ఎత్తితే పదకొండు నిమిషాలు, మధ్యలో ఆపరాదు. కుడికన్ను కనపడదు, సూదిలో దారం ఎక్కదు. ఎవరికీ చెప్పరాదు." ఇక్కడ ఆగాడు. "ఎవరికీ చెప్పరాదని రాసి లిఫ్టులో వేలాడదీశావా!"

"కార్డు మారింది మాస్టారూ."

"లాయరుగారు మూడు వేళ్ళు చూపించి ఎన్నని అడిగారయ్యా! ఐదో అంతస్తు ఆవిడ కోటు వెనక్కి పట్టుకుపోయింది. మా ఆవిడ నిన్నటినుంచి నాతో మాట్లాడటం లేదు, ఆవిడ మాట్లాడకపోతే ఇల్లు ఎంత చప్పుడుగా ఉంటుందో నీకేం తెలుసు? అసలు ఎంతమంది చదివుంటారో తెలుసా?"

మెకానిక్‌కి తెలుసు. అదే అతని ఖర్మ. "మంగళవారం నుంచి లిఫ్టు మూడు వందల డెబ్బై రెండుసార్లు తిరిగింది. కౌంటరు ఇప్పుడే చూసొచ్చాను. మనిషికి ఒక్కసారే లెక్క వేసుకుంటే…"

"బయటికి నడు!"

నడిచాడు.

ఆ సాయంత్రం అక్క అన్నం పెడుతూ మొత్తం విని, గరిటె పక్కన పెట్టింది.

"వెళ్ళి ముఖం చూసి సారీ చెప్పరా."

"ముఖంలో ఎక్కడ చూడాలి అక్కా?"

"కళ్ళల్లోకి."

"గొడవంతా కంటి దగ్గరే కదా."

బావ పొలమారి నీళ్ళు తాగాడు. అక్క నవ్వలేదు. "అతను పోతే నీకింకెవరున్నార్రా?" అంది. ఆ ప్రశ్నకి కూడా అతని దగ్గర ఖచ్చితమైన లెక్క ఉంది. సున్నా. చెప్పలేదు. చెప్పకుండా ఊరుకోవడం కూడా నేర్చుకున్నాడన్నమాట, కాకపోతే రెండు రోజులు ఆలస్యంగా.

ఆ రాత్రి అతను తనకి తానే ఒక కార్డు రాసుకుందామని కూర్చున్నాడు. 'యంత్రం: నేను. లోపం:' అని మొదలుపెట్టి, గడి చిన్నదైపోయిందని మానేశాడు.

మర్నాడు పొద్దున్నే షాపు తెరిచేవేళకి వెళ్ళి గుమ్మం బయటే నిలబడ్డాడు. మాస్టారు చూసి కూడా చూడనట్టు కత్తెర వెతుక్కుంటున్నాడు. అది నిజంగా కనపడకో, కోపంతోనో మెకానిక్ పోల్చుకోలేకపోయాడు.

"సారీ మాస్టారూ. మీ రహస్యం బయట పడేశాను. కార్డులు ఒకే జేబులో పెట్టుకోవడం నా తప్పు. మిమ్మల్ని యంత్రం అని రాయడం తప్పో కాదో తెలియలేదు. నేను యంత్రాల్ని చాలా గౌరవిస్తాను."

మాస్టారు బట్టల కుప్ప ఎత్తి కింద చూశాడు.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"

"రావద్దు."

అతను తలూపాడు. వెళ్ళిపోబోయి ఆగాడు. ఇలాంటి 'రావద్దు'లు బతుకులో చాలా విన్నాడు. కొన్నిసార్లు నిజమనుకుని వెళ్ళిపోతే, బతిమాలుతావనుకున్నామని తరువాత నిష్ఠూరాలాడారు. కొన్నిసార్లు బతిమాలితే గెంటారు. ఏది ఏదో ఎవరూ ముందుగా చెప్పలేదు.

"రావద్దంటే ఈ వారమా, ఎప్పటికీనా మాస్టారూ? విడమరిచి చెప్పాలి మీరు. కోపంలో అన్న మాటకీ నిజంగా అన్న మాటకీ తేడా నాకు తెలియదు. మీరు ఎప్పటికీ అంటే నేను ఎప్పటికీ రాను. ముప్పై ఏళ్ళైనా రాను. మీరు మనసు మార్చుకున్నా నాకు తెలియదు, ఈ మెట్టెక్కను. అందుకని ఆలోచించుకుని చెప్పండి. ఆలోచించడానికి టైము కావాలంటే లిఫ్టు దగ్గర నిలబడతాను."

నిజంగానే వెళ్ళి లిఫ్టు దగ్గర నిలబడ్డాడు. మాస్టారు కత్తెర దొరికినా పట్టుకోకుండా అలాగే కూర్చుండిపోయాడు. అరవై రెండేళ్ళలో ఆయన ఎంతమందినో "మళ్ళీ ఈ గడప తొక్కకు" అని ఉంటాడు. అందరూ మర్నాడే తొక్కారు. అన్నమాట అన్నట్టే పాటించే ప్రబుద్ధుడు ఎదురుకావడం ఇదే మొదలు. అలాంటివాడి ముందు నోరు జారడానికి కూడా వీల్లేదు.

లిఫ్టు నాలుగుసార్లు వచ్చి వెళ్ళింది. ఐదోసారికి షాపులోంచి కేక వినపడింది.

"ఒరేయ్ లిఫ్టూ!"

"వస్తున్నా మాస్టారూ."

"సోమవారం పొద్దున తొమ్మిదింటికి కంటాసుపత్రి. మా ఆవిడ టోకెను తీయించేసింది. ఆవిడ వస్తే దారిపొడుగునా తిడుతుంది. నువ్వు రా. కోపం పోయిందనుకోకు, పోలేదు."

"ఎంతుంది?"

"ఏమిటి?"

"కోపం."

మాస్టారు లిఫ్టుకేసి చూశాడు. "నాలుగో అంతస్తులో ఉంది."

నాలుగో అంతస్తంటే అతనికి బాగా తెలిసిన చోటే.

సోమవారం ఆసుపత్రి హాలు అతని ఓర్పుకి పెట్టిన పరీక్షలా ఉంది. ట్యూబులైట్లు ఝుమ్మంటున్నాయి, టీవీ అరుస్తోంది, టోకెన్లు పిలిచే మైకు కీచుమంటోంది, ముగ్గురు పిల్లలు మూడు శ్రుతుల్లో ఏడుస్తున్నారు. మెకానిక్ చప్పుడు వినపడకుండా పనిలో వాడుకునే చెవి డొప్పలు పెట్టుకుని కూర్చున్నాడు. అవి నారింజరంగువి కాబట్టి పిల్లల్లో ఒకడు ఏడుపు ఆపి చూశాడు. పది నిమిషాలకోసారి లేచి పారిపోదామనిపించింది. ప్రతిసారీ గోడమీది పెచ్చులు లెక్కపెట్టి మళ్ళీ కూలబడ్డాడు. ఇద్దరూ గోడనే చూస్తున్నారు. ఒకరు అలవాటుకొద్దీ, ఒకరు కంట్లో చుక్కలు వేయించుకున్నందువల్ల.

ఇంతలో కౌంటరు నర్సమ్మ ఒక కాగితం చేతిలో పెట్టింది. కంటి పొరకి ఆపరేషన్ చేస్తే చూపొస్తుందట, వెంట వచ్చినవాళ్ళు ఈ ఫారం నింపాలట. తన పేరు రాశాడు. తరువాతి గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. 'రోగికి ఏమవుతారు?' దాని పక్కనే 'మీ వయసు'.

చుట్టం కాదు. కస్టమరు అనడానికి కుట్టించింది రెండు చొక్కాలే. మెకానిక్ అంటే నిజమే గాని, కంటికి మెకానిక్ ఎందుకని అడుగుతారు. మిగిలిన మాట ఒక్కటే. అది ఒక్కడే రాసుకునేది కాదు, అవతలివాళ్ళు కూడా ఒప్పుకోవాలి. కాలేజీలో ఒకణ్ణి అలాగే అనుకుని నాలుగేళ్ళు వాడి పక్కన నడిచాడు. వాడి పెళ్ళైపోయిన సంగతి తరువాత ఎవరో చెబితే తెలిసింది.

డొప్పలు ఒక చెవినుంచి తీశాడు. "మాస్టారూ, నేను మీకేమవుతానో రాయమంటోంది. ఏం రాయను?"

"నీ ఇష్టం."

"ఫారంలో నా ఇష్టం అడగలేదు. నా ఇష్టం నాకెప్పుడో తెలుసు. మీది కావాలి."

"తొందరగా రాసివ్వండి, వెనక జనం ఉన్నారు" అంది నర్సమ్మ.

మాస్టారు చుక్కల నీళ్ళు కారుతున్న కళ్ళని అరచేత్తో తుడుచుకున్నాడు. "స్నేహితుడని రాయి."

"నిజంగానా? లైను కదలడం కోసమా?"

"నిజంగానేరా! పెద్దక్షరాలతో రాయి, నాకూ కనపడి చావాలి."

ఎంత పెద్దక్షరాలో మాస్టారు చెప్పలేదు. మెకానిక్ పెన్ను గట్టిగా నొక్కి, ఒక్కో అక్షరాన్నీ బొటనవేలంత రాశాడు. నర్సమ్మ కాగితం అందుకుని కళ్ళజోడు సర్దుకుంది.

"ఇదేమిటండీ? ఏమవుతారంటే 'స్నేహి', వయసేమో 'తుడు'! తుడు అంటే ఎన్నేళ్ళండీ?"

మాస్టారు ఆ కాగితం లాక్కుని ముక్కుకి ఆనించి, అక్షరం అక్షరం వెతుక్కుంటూ చదివాడు. తరువాత నవ్వాడు. టీవీ వినపడలేదు, మైకు వినపడలేదు, హాలంతా తిరిగి చూసింది. మెకానిక్ రెండో చెవి డొప్ప కూడా తీసేశాడు.

"కొత్త ఫారం ఇస్తాను, సరిగ్గా రాయండి" అంది నర్సమ్మ.

"వద్దండీ, ఇది బాగుంది" అని మెకానిక్ ఆ కాగితం తీసుకుని, అంచున ఖాళీగా ఉన్న మూలలో, చాలా చిన్న అంకెలతో నలభై ఆరు వేసి ఇచ్చాడు.