నూట పన్నెండు చేపల పొట్టలు

పెట్టె శుక్రవారం విమానం దిగింది. సోమవారం పొద్దున, చేపల మీద పరిశోధన చేసే జెరూషా తన పెట్టె కోసం శంషాబాద్ విమానాశ్రయం గోదాముకు వచ్చేసరికి అది మందుల గదిలో ఉంది. ఆ గదిలో చలి రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు. పెట్టె ఉండాల్సింది సున్నాకు డెబ్బై డిగ్రీలు దిగువన.

"గీడికి వచ్చేటియన్ని టీకాలే," అన్నాడు కుర్మయ్య. పదకొండేళ్లుగా అక్కడ సరుకు సర్దేది ఆయనే. "గడ్డకడితే టీకా ఖరాబైతదని నేర్పిండ్రు. నీ పెట్టెల పొగలొచ్చే మంచు జూసి పరేషానైన. మంచు తీసి పారేసి గీడ పెట్టిన."

"పెట్టె మీద రాసిన కదా కాకా."

"ఇంగ్లీషుల రాస్తివి."

ఆమె మూత తీసింది. నూట పన్నెండు సీసాలు, ఒక్కోదాంట్లో ఒక చేప పొట్ట. దక్షిణ ధ్రువం దగ్గరి ఒక అఖాతంలో, నాలుగైదేళ్ల కిందట అక్కడి రెండు వేసవుల్లో ఆమె పట్టి, ఇన్నాళ్లూ అక్కడే గడ్డకట్టించి దాచిన చేపలవి.

"మామిడిపల్లి పిల్లవు. మన చెరువుల చేపలకు పొట్టలు లేవా?"

"అక్కడ మంచు అడుగున నాచు పడ్తది. చిన్న రొయ్యలు దాన్ని గీక్కొని తింటయి. రొయ్యల్ని చేపలు తింటయి, చేపల్ని పెంగ్విన్లు తింటయి. మంచు తగ్గితే ఎవరి కూడు ముందు పోతదో ఈ పొట్టలల్ల ఉంటది."

సీసాను వెలుతురుకు పెట్టి చూసింది. చేప చచ్చినా దాని పొట్టలో అరుగుదల ఆగదు. ఆపేది చలి ఒక్కటే. మూడు రోజుల్లో లోపలిదంతా గోధుమరంగు నీళ్లయింది. మిగిలిన గుల్లల ముక్కలు ఏ జీవివో చెప్పలేనంతగా చివికాయి. ఆమె సీసాలన్నీ చూసింది. రెండు గంటలు పట్టింది. కుర్మయ్య చాయ్ తెచ్చి పక్కన పెట్టాడు.

"మళ్ల పోయి తెచ్చుకోరాదు?"

"పోయినేడు ఆ అఖాతంల మంచు కట్టలే. ఈయేడు గూడ కట్టలే. నాచు లేదు, రొయ్యలు లేవు. అంతకుముందు ఆ చేపలు ఏం తిన్నయో వీటిలనే ఉండె."

కుర్మయ్య చల్లారిన చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"నా నౌకరి పోతదా బిడ్డా?"

"పోదు కాకా. ఇవి మందులు కావు. ఎవరూ అడగరు."

పారేసే సరుకు తీసుకుపోయే బండి షాద్‌నగర్ నుంచి పన్నెండింటికి వచ్చింది. ఇద్దరూ చెరో పక్క పట్టి పెట్టెను ఎక్కించారు.