పలకని పలక

మా ఆయన యల్లయ్యకు తన వేలి కణుపు మీద మహా నమ్మకం. మార్కాపురంలో పలకల కార్ఖానాలో ఏళ్ళ తరబడి ఆయన పని అదే. కోసిన రాతి పలకను పట్టుకుని కణుపుతో ఒక్కటి కొట్టేవాడు. ఖంగుమంటే మంచిది. డబ్బుమంటే లోపల పగులున్నట్టు, తీసి అవతల పారేసేవాడు. ఇంటికొచ్చి కుండలూ కొట్టేవాడు, పుచ్చకాయలూ కొట్టేవాడు. పెళ్ళిచూపుల్లో నన్ను కొట్టి చూడలేదు, అదొక్కటే నా అదృష్టం.

ఆ పలకల దుమ్మే ఆయన ఊపిరితిత్తుల్లో చేరింది. ఇప్పుడు మంచం పక్కన గాలి మిషను, ముక్కుకు గొట్టం. కరెంటు ఉన్నంతసేపూ రాజాలా ఉంటాడు. కరెంటు పోయిందా, మిషను ఆగిపోతుంది, ఆయన పెదాలు నల్లబడతాయి. ఎండాకాలం మా తర్లుపాడు పక్క పల్లెల్లో మిట్టమధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. వచ్చేదాకా పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూనే ఉంటాను. ఆ గాలి వల్ల ఏమీ కాదని డాక్టరు చెప్పాడు. నాకూ తెలుసు. అట్లాగని మొగుడు ఊపిరాడక కొట్టుకుంటుంటే చేతులు ముడుచుకుని కూర్చోమంటారా?

పదేళ్ళ కిందట సోలారు పెట్టిద్దామని అడిగితే మా గొర్రెల మంద మొత్తం అమ్మినా చాలదన్నారు. నోరు మూసుకుని వచ్చాను. ఈసారి మార్కాపురం దుకాణంలో అడిగితే బ్యాటరీతో కలిపి ఆరు పొట్టేళ్ళ ఖరీదట! నమ్మలేక మళ్ళీ అడిగాను.

"నిజమే పెద్దమ్మా. ఏడాదికేడాది రేట్లు పడిపోతా ఉన్నాయి. ఇప్పుడు మాకు పల్లెల గిరాకీనే ఎక్కువ," అన్నాడు దుకాణం నడిపే సామ్యేలు.

పొట్టేళ్ళను సంతకు తోలాను. సీసాతో పాలు పట్టి పెంచినవి. ఏడుపొచ్చింది. ఏడ్చాను, అమ్మాను.

ఆటోలో సరుకు దిగింది. సామ్యేలు పలకలను వసారా గోడకు ఆనించాడు. సోలారు పలకలనే అంటాం మరి మేమంతా. ఆ పేరే కొంప ముంచింది. మా ఆయన గొట్టం అందినంత దూరం వచ్చి, కణుపుతో ఒకదాన్ని కొట్టాడు. డబ్బుమంది. ఇంకోదాన్ని కొట్టాడు. అదీ అంతే.

"పగిలిన సరుకు. వాపసు తీసకపో," అన్నాడు.

సామ్యేలు నవ్వాడు. "పెదనాయనా, ఇది రాయి కాదు, అద్దం. ఎనక షీటు అతికించి ఉంటది. మోగదు."

"పలకన్నాక పలకాల. నాకు చెప్తావా నువ్వు?"

నాకు ఒళ్ళు మండింది. "ఏందయ్యా నీ గోల! కంటికి కనపడని పగులు నీకొక్కడికే కనపడిందా? పో, పోయి పడుకో!"

ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఊపిరి కూడదీసుకుని అన్నాడు. "నువ్వు బిడ్డల్ని సాకినట్టు సాకినవి గదా కొండమ్మా. వాటిని అమ్మి నాకోసం పగిలింది కొనకొచ్చినావు. నిన్ను ఎవరన్నా మోసం చేస్తే నాకు పానం ఒప్పదు."

నా కోపమంతా ఎటు పోయిందో! అయినా ఇప్పుడు మెత్తబడితే నిజంగానే వాపసు పంపిస్తాడు.

"నువ్వు మిద్దె ఎక్కు సామ్యేలూ," అన్నాను గట్టిగా.

సాయంత్రానికి అన్నీ బిగించి పోయాడు. మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. సంగటి సగం వదిలేశాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేను పొయ్యి దగ్గర ఉండగా, ఎదురింటి రామతులసమ్మ టీవీ టక్కున ఆగిపోయింది. "పాయె కరెంటు!" అని ఆమె అరిచింది. మేకుకు తగిలించిన విసనకర్ర లాక్కుని పరిగెత్తి, మంచం మీద కూలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని విసరడం మొదలుపెట్టాను. ఆయన పెదాలు చూసే ధైర్యం నాకెప్పుడూ లేదు.

కాసేపటికిగానీ మిషను చప్పుడు నా చెవికెక్కలేదు. అది ఆగలేదు. కళ్ళు తెరిచాను. ఆయన పెదాలు ఎప్పటిలానే ఉన్నాయి. పొట్టేళ్ళు అమ్మి సోలారు పెట్టించిన దాన్ని నేనే, ఆ సంగతే మరిచిపోయాను!

ఆయన తల ఒక పక్కకు వంచి మిషను చప్పుడు వింటున్నాడు. కుండ కొట్టినా, పుచ్చకాయ కొట్టినా అట్లాగే వంచి వింటాడు.

"కొండమ్మా."

"ఏంది మావా?"

"పలకతా ఉందే."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చెయ్యి మాత్రం ఆగడం లేదు, విసురుతూనే ఉంది. ఆయన మెల్లగా లేచి కూర్చుని నా చేతిలో విసనకర్ర తీసుకున్నాడు.

"ఎన్నాళ్ళు విసిరినావే నాకు. చెమటకు తడిసిపోయినావు, ఇట్ల కూచో," అని నాకు విసరసాగాడు.

"చాల్లే సంబరం, ఆపు. ఆయాసమొస్తది."

"రాలా," అన్నాడు.

నిజంగానే రాలేదు.