పదిహేనో అభ్యంతరం

వైజయంతీ పరబ్ పుస్తకం రాసిందని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. దాచుకోవడం ఎందుకు, కుళ్ళు. ట్రైనింగ్ కాలేజీలో ఇద్దరిదీ ఒకటే బెంచీ. సైన్సు నాది, పాటలూ ముగ్గులూ దానివి. ఇరవై రెండేళ్ళు గడిచాక అది పిల్లల కోసం ‘మన గోడల్లో పాములు’ అని సైన్సు పుస్తకం రాసిందట. తాలూకాలోని బళ్ళకు అది పనికొస్తుందో లేదో నేను చెప్పాలట. పైగా ముందుమాటలో ఆఫీసు బంట్రోతు దాకా అందరికీ కృతజ్ఞతలు చెప్పింది, నా పేరు మాత్రం లేదు.

మా కొంకణంలో అప్పట్లో బడి పుస్తకాల పరిశీలన సంఘానికి ఒక పద్ధతి ఉండేది. అచ్చుకు ముందు నమూనా ప్రతి ఒకటి, ఒక ఫారం ప్రతి సభ్యుడి ఇంటికీ వచ్చేవి. భాష, బొమ్మలు, కాగితం, విలువలు, ఒక్కోదానికి పాతిక మార్కులు. మే నెలలో ఒకరోజు అందరూ చేరి, రాసినవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి, అభ్యంతరాలు చదివేవారు. మిగతా సభ్యులు పుస్తకాన్ని ఆ రోజు బస్సు దిగాకే తెరిచేవారు. నేను మాత్రం ఫుల్‌స్టాపులు కూడా లెక్కపెట్టేదాన్ని. మూడేళ్ళలో పదకొండు పుస్తకాలను తిప్పికొట్టించాను. కోడిగుడ్డుకు ఈకలు పీకే బాయి అని నా వెనకాల అనుకునేవారని నాకు తెలుసు. మా వైపు పంతులమ్మను బాయి అనే అంటారు.

వైజయంతి పుస్తకానికి పద్నాలుగు ఈకలు పీకాను. అట్ట మరీ మెరుస్తోంది. మూడో పేజీలో ఒకే మాట రెండుసార్లు వచ్చింది. తాచుపాముకు దండం పెట్టే బామ్మ సైన్సు పుస్తకంలో ఎందుకు? ఇలాంటివే అన్నీ.

సభ రోజు పొద్దున బస్సులో, పదిహేనోది దొరక్కపోతుందా అని బొమ్మల పేజీలు తిప్పాను. అంతవరకు వాటిని సరిగ్గా చూడనే లేదు. బాగున్నాయని పైపైన చూసినప్పుడే తెలిసింది, అందుకే మళ్ళీ చూడబుద్ధి కాలేదు. పద్దెనిమిదో పేజీ దగ్గర ఆగిపోయాను. కట్లపాము బొమ్మ కింద ‘కవడ్యా. విషం లేదు. మన నేస్తం’ అని ఉంది. ఎదుటి పేజీలో, ఎలకపిల్లలనూ బల్లులనూ తిని బతికే అమాయకపు కవడ్యా కింద ‘కట్లపాము. కాటేస్తే ప్రాణం పోతుంది’ అని ఉంది. రెండూ నల్లటివే, రెండింటికీ తెల్ల చారలే. కానీ కవడ్యాకు చారలు మెడ దగ్గర కొట్టొచ్చినట్టుండి తోకకు వెళ్ళేసరికి మాసిపోతాయి. కట్లపాముకు మెడ దగ్గర ఒట్టి నలుపే, చారలు తోక వైపు తేలతాయి.

మూడు వారాల్లో వానలు. ఎర్రరాతి గోడల సందుల్లోంచి పాములు ఇళ్ళలో దూరే కాలం, పిల్లలు నేల మీద పడుకునే ఇళ్ళు. అప్పటికి ఈ పుస్తకం ప్రతి తరగతి గదిలోనూ ఉంటుంది.

“ఇవాళ ఎన్ని, తేండోల్కర్ బాయీ?” అన్నారు అధ్యక్షుడు గావడే సర్, నేను కూర్చోక ముందే.

“పదిహేను.”

“బాయి పొద్దున టిఫిన్ చేసి రాలేదల్లే ఉంది,” అన్నాడు తోటి సభ్యుడు రాణే గురూజీ. అందరూ నవ్వారు. ఎదురు కుర్చీలో వైజయంతి కొత్త చీర కట్టుకుని కూర్చుంది. అది నవ్వలేదు.

“పదిహేనోది ముందు చదువుతాను. మిగతావి తర్వాత,” అన్నాను.

“అలా ఎందుకూ? వరసగానే కానివ్వు సులభా,” అంది వైజయంతి. “నెలల తరబడి ఏరుకున్నావు. మాకూ వినే భాగ్యం కలగనీ.”

నేను పట్టించుకోకుండా సంగతి చెప్పాను. మెడ గురించి, తోక గురించి, పేర్లు తారుమారైన సంగతి. వైజయంతి తన ప్రతిని ఒళ్ళోంచి తీయను కూడా లేదు.

“బొమ్మలు వేసిందీ, కింద పేర్లు పెట్టిందీ పుణేలో పేరు మోసిన ఆర్టిస్టు. నీకంటే తక్కువ తెలుసా ఆయనకి?”

“ప్రాణంతో ఉన్న కట్లపాముని ఎప్పుడన్నా చూశాడా ఆయన?”

“నువ్వు చూశావా? నీ నోరు విని అదే పారిపోయుంటుంది.”

మళ్ళీ నవ్వులు. గావడే సర్ మాత్రం పుస్తకాన్ని దూరం పెట్టి, దగ్గర పెట్టి, ఒకసారి తలకిందులు చేసి కూడా చూశారు. “నాకైతే రెండూ ఒకలాగే ఉన్నాయమ్మా. ఫారంలో ఏమడిగారు? బొమ్మలు స్పష్టంగా, రంగుల్లో ఉన్నాయా అని. ఉన్నాయి. ఏ పాము ఏదని ఎక్కడా అడగలేదు. పాతికకి పాతిక.”

ఫోను తీసి వెతికి చూపించే రోజులు కావవి. లేచి నిలబడి గొంతు పెంచాను. పిల్లల ప్రాణాలు పోతాయన్నాను.

“పోయినేడు వానచక్రం పుస్తకం ఆపించారే, అప్పుడూ ఇలాగే అరిచారు,” అన్నాడు రాణే గురూజీ. “మేఘం ఎడం పక్కన ఉండకూడదని. మీరు నిజం చెప్పే రోజు ఏదో మాకెట్టా తెలుస్తుంది బాయీ?”

ఆయన మాటలో అబద్ధం లేదు. అది మంచి పుస్తకం. రాసింది పాతికేళ్ళ పిల్ల, ఆ తర్వాత మళ్ళీ ఏదీ రాయలేదు.

వైజయంతి చేతులు కట్టుకుంది. “ఒక పని చెయ్యి. ఆ పద్నాలుగూ నా మీద కడుపుమంటతో రాశానని అందరి ముందూ చెప్పు. అప్పుడు తెరిచి చూస్తా.”

దాన్ని అక్కడే నాలుగు పీకాలనిపించింది. ఇరవై రెండేళ్ళుగా ఈ మాట కోసమే కాచుకుని కూర్చున్నట్టుంది. కిటికీలోంచి చూస్తే కొండల మీద మబ్బులు అప్పుడే ముసురుకుంటున్నాయి.

“కడుపుమంటతోనే రాశాను,” అన్నాను. “పద్నాలుగూ. అట్ట బాగుంది. భాష బాగుంది. ఆ బామ్మ కూడా బాగుంది. నేను రాసుంటే ఇంత బాగా వచ్చేది కాదు. ఇప్పుడైనా పద్దెనిమిది తియ్యవే దయ్యమా!”

ఈసారి ఎవరూ నవ్వలేదు. వైజయంతి పుస్తకం తెరిచింది. నేను వెళ్ళి బొమ్మ మెడ మీద వేలు పెట్టి తోక దాకా జరిపాను. అదీ ఈ ఊళ్ళలో పెరిగిన పిల్లే, చెబితే తేడా కనపడకపోదు. దాని ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

“మే ఒకటిన,” అంది. “రాష్ట్రావతరణ జెండా ఎగరేసి రిజల్ట్ ఇచ్చాక, ఈ పేజీ సైక్లోస్టైల్ తీసి మా క్లాసు పిల్లలందరికీ పంచాను. సెలవల్లో కవడ్యాని వెతకండి, దగ్గరికెళ్ళి చారలు లెక్కపెట్టుకు రండి అని పని ఇచ్చాను.”

ముప్పై ముగ్గురు పిల్లలు, కొండవాలు నిండా చెదిరిన ఇళ్ళు. సభ ఎలా ముగిసిందో మేం చూడలేదు. మొదటి బస్సు పట్టుకుని, దిగి, ఆ ఉక్కలో ఇంటింటికీ తిరిగాం. ఒకరితో ఒకరం ఒక్క మంచి మాట మాట్లాడుకోలేదు. త్వరగా నడవమని అది, నీ ఆర్టిస్టుని పిలవమని నేను. ఒక ఇంట్లో కాగితం గాలిపటమైంది. ఇంకో ఇంట్లో పులుపుకి వాడే కోకం పళ్ళు ఎండబెట్టడానికి కింద పరిచారు. వాళ్ళకి చేతులెత్తి మొక్కాలనిపించింది.

పన్నెండో ఇల్లు శేవంతిది, ఎనిమిదేళ్ళ పిల్ల. మమ్మల్ని చూడగానే పరుగున లోపలికెళ్ళి బిస్కెట్ డబ్బా ఒకటి మోసుకొచ్చింది.

“బాయీ, అందరూ ఊరికే చూస్తారు. నేను పట్టేశా! నలభై చారలు. మెడ దగ్గర లెక్కపెట్టడానికేం లేవు, మీ బొమ్మలోలాగే. మా చెల్లి చేత్తో నిమిరింది కూడా. పాపం, ముడుచుకుని పడుకుంది, ఏమీ అనలేదు.”

కట్లపాము పగలు అలాగే ముడుచుకుని పడి ఉంటుంది, కాటేసేది రాత్రి. డబ్బా నేను అందుకున్నాను. మూత బిగించి, పైన రాయి పెట్టి, పెరట్లో దూరంగా దించి వచ్చాను. తిరిగొచ్చేసరికి వైజయంతి అరుగు మీద కూలబడి, ఇద్దరు పిల్లల చేతులూ వేలు వేలూ వెతికి చూస్తోంది. ఎక్కడా గాటు లేదు. నా నాలుక చివరిదాకా మాట వచ్చింది: చూశావా నీ పుస్తకం చేసిన పని!

అది తలెత్తకుండానే అడిగింది. “ఆ నమూనా ప్రతి నీ చేతికి ఎప్పుడొచ్చింది సులభా?”

“మార్చి మూడున.”

“రెండు నెలలు,” అంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. “ఇంకా ఇరవై ఒక్క ఇళ్ళున్నాయి. పద.”

నేను దాని వెనకాలే నడిచాను. త్వరగా నడవమని అది మళ్ళీ కసిరింది. ఈసారి ఆర్టిస్టు ఊసెత్తకుండా అడుగు వేగం పెంచాను.